మాటలు మోసే అమ్మ

పేరు రాయొద్దని కోరిన ఒక తల్లి ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. అబ్బాయికి 15 ఏళ్లు, అమ్మాయికి 9. భర్త కష్టపడే మనిషి, చెడు అలవాట్లు లేవు, పిల్లలంటే ప్రాణం. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు మారిపోతుంది. చిన్నప్పుడు అబ్బాయి తండ్రి వెనకే తిరిగేవాడు. సైకిల్ నేర్పింది, ఈత నేర్పింది ఆయనే. రెండేళ్ల నుంచి మార్కులు తగ్గుతున్నాయి. ఆయన అరవడం, వాడు తల వంచుకుని నిలబడటం, ఈమె మధ్యలోకి వెళ్లి ఇద్దరినీ చెరో గదికి పంపడం రోజువారీ పని అయింది. ఆయన ఎంత గట్టిగా ఉంటే ఈమె అంత మెత్తబడింది. ఫోన్ ఎక్కువసేపు వాడుకోనిచ్చింది. లెక్కల పరీక్ష తప్పితే ఆ పేపరు మీద తానే సంతకం పెట్టి, "నాన్నకి చెప్పకు" అంది.

ఆ విషయం టీచరు ద్వారా భర్తకు తెలిసింది. ఆ రాత్రి ఆయన అబ్బాయి బొమ్మలు వేసుకునే పుస్తకాన్ని చింపేశారు. "నీ మీద పెట్టుకున్న ఆశలన్నీ దండగ" అన్నారు. అప్పటి నుంచి మూడు నెలలుగా తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "పొద్దున్నే లేవమని వాడితో చెప్పు" అని ఆయన, "ఫీజు కట్టాలని నాన్నకి చెప్పు" అని వాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు కూడా అంతే.

ఈమధ్య ఆమె కొడుకు ఫోన్ తీసి చూశారు. స్నేహితుడికి పంపిన మెసేజ్‌లో "నేను లేకపోయినా ఈ ఇంట్లో ఎవరికీ ఏ తేడా ఉండదు" అని ఉంది. ఫోన్ చూసిన సంగతి వాడికి తెలిసిపోయింది. పాస్‌వర్డ్ మార్చాడు, తల్లితో కూడా మాట తగ్గించాడు. చిన్నమ్మాయి మాత్రం "బంగారం" అని రాశారు. అడగకుండానే అన్నీ చేసుకుంటుంది. నాన్న గొంతు పెరిగితే తన నోట్‌బుక్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లి చూపిస్తుంది. కొన్నాళ్లుగా పొద్దున్న పూట కడుపునొప్పి అంటోంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు.

భర్తతో మాట్లాడబోతే ఆయన చెప్పేది ఒకటే. "మొక్కై వంగనిది మానై వంగునా? మా నాన్న నన్ను ఇంతకంటే గట్టిగా పెంచాడు. నాకేమైంది?" ఇంకొక సంగతి ఉత్తరం చివర, తర్వాత గుర్తొచ్చి రాసినట్టుగా ఉంది. చింపిన ఆ బొమ్మల కాగితాలు ఆమెకు భర్త బీరువాలో, బట్టల కింద కనిపించాయి. ఆయన పారేయలేదు.

"అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి. నేను ఎవరి వైపు నిలబడాలి? లోపం నా పెంపకంలోనే ఉందా? ఇప్పటికే ఆలస్యం అయిపోయిందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు ప్రశ్నగా అడగని దాని దగ్గరికి వస్తాను. "నేను లేకపోయినా ఈ ఇంట్లో ఎవరికీ ఏ తేడా ఉండదు." ఉత్తరంలో దీన్ని మీరు పాస్‌వర్డ్ గొడవ మధ్యలో రాసి దాటిపోయారు. భయం వేసి దాటిపోయారేమో అనిపించింది. ఆ మాట కోపంలో రాసింది కావచ్చు. ఇల్లు వదిలి వెళ్లిపోవాలని కావచ్చు. బతకాలని లేదని కూడా కావచ్చు. మెసేజ్ ఎన్నిసార్లు చదివినా మీకది తెలియదు, దూరం నుంచి నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది, వాడినే అడగడం. మిగతా విషయాలన్నీ వారం రోజులు ఆగినా ఫర్వాలేదు. ఇది ఆగకూడదు.

సూటిగా అడగండి. "నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అనే మాట నోటికి రాదు, ఏ తల్లికీ రాదు. పైగా, అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో అన్న భయం ఉంటుంది. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. శాంతంగా, సూటిగా అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అప్పటికే ఉంటే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మీ తప్పు ఒప్పుకోవడంతోనే మొదలుపెట్టండి. "నీ ఫోన్ చూడటం నా తప్పు. దానికి నీకు కోపం రావడం న్యాయమే. కానీ చదివిన మాటను చదవనట్టు ఉండలేకపోతున్నాను. నాకు భయంగా ఉంది. అది కోపంలో రాశావా, నిజంగా చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగి, ఆ తర్వాత మీరు మాట్లాడకండి. వాడు రెండు నిమిషాలు నేల చూస్తూ కూర్చున్నా సరే.

అవునంటే ఒట్లు వేయించుకోవద్దు, నీతులు చెప్పొద్దు, ఏడ్చి వాడి చేతే ఓదార్పించుకోవద్దు. చెప్పినందుకు మంచి పని చేశావని అనండి. ఒంటరిగా వదలకండి. మందులు, హాని చేసే వస్తువులు అందకుండా తాళంలో పెట్టండి. అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, అది కుదరకపోతే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. "నాన్నకి చెప్పకు" అంటాడు. ఈ ఒక్క విషయంలో ఆ మాట ఇవ్వకూడదు. "దీన్ని నేను దాచలేను, కానీ నీ ఎదురుగానే చెబుతాను" అనండి. కాదంటే ఊపిరి పీల్చుకోండి కానీ మర్చిపోకండి. నిద్ర, ఆకలి మారిపోవడం, ఇష్టమైన పనులు వదిలేయడం, స్నేహితులకు కూడా దూరం కావడం రెండు వారాలకు మించి కనిపిస్తే పిల్లల సైకాలజిస్టుకు చూపించడమే మంచిది. ఒక మాట అడగాలనుంది. బొమ్మల పుస్తకం చిరిగాక వాడు మళ్లీ బొమ్మలు వేశాడా? మీరు రాయలేదు. గమనించండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఎవరి వైపు నిలబడాలి అని అడిగారు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కనిపించింది వేరు. మీరు ఎవరి వైపూ లేరు, ఇద్దరి మధ్యలో ఉన్నారు. ఆ ఇంట్లో ప్రతి మాటా మీ మీదుగా వెళ్తోంది. గొడవ జరగకూడదని ఆ పని నెత్తిన వేసుకున్నారు. దాని వెనక ఎంత అలసట ఉందో మీ అక్షరాల్లోనే తెలుస్తోంది. కానీ మీరు మాటలు మోస్తున్నంతకాలం వాళ్లిద్దరికీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు.

ముర్రే బోవెన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1950ల్లో రోగులతో పాటు వాళ్ల కుటుంబ సభ్యులను కూడా ఆస్పత్రిలోనే ఉంచి గమనించారు. ఆ అనుభవంలోంచి ఆయన చెప్పిన వాటిలో ఒకటి త్రికోణం. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంతగా పెరిగినప్పుడు వాళ్లు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. టెన్షన్ కాస్త తగ్గుతుంది. అది తీరినందువల్ల తగ్గదు, మూడో మనిషి మీదికి సర్దుకోవడం వల్ల తగ్గుతుంది. అందుకే ఇంట్లో గొడవలు తగ్గినా మీకు నిద్ర పట్టడం లేదు.

మోసేటప్పుడు మాట మారిపోతుంది కూడా. "పొద్దున్నే లేవమని చెప్పు" అని ఆయన అంటే, మీరు వాడి దగ్గరికి వెళ్లి "లేవరా, నాన్న మళ్లీ కోప్పడతారు" అంటారు కదా? మీరు రాసిన తీరు చూస్తే అలాగే అంటారనిపించింది. కొడుకును కాపాడాలనే అంటారు. వాడికి అందేది మాత్రం నాన్న అంటే కోపం అన్న ఒక్కటే. అలాగే వాడి మాటలు కూడా ఆయన దగ్గరికి మీరు మెత్తగా చేసే తీసుకెళ్తారు. అందువల్ల వాడికి ఎంత నొప్పిగా ఉందో ఆయనకు ఎప్పటికీ తెలియదు. మూడు నెలలుగా ఆ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు విన్నదంతా మీ నోటి నుంచి విన్నదే.

ఆ సంతకం సంగతి కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. వాడి దృష్టిలో ఆ రోజు రెండు జరిగాయి. అమ్మ నన్ను కాపాడింది అన్నది ఒకటి. నేను చేసింది నాన్నకు చెప్పరానిది అన్నది రెండోది. పరీక్ష తప్పడం 15 ఏళ్ల పిల్లవాడు మోయగలిగిన బరువే. తల్లితో కలిసి తండ్రిని మోసం చేశానన్న బరువు అంతకంటే పెద్దది. బయటపడ్డాక దెబ్బ మొత్తం వాడి మీదే పడింది, మీ మీద పడలేదు. ఆ సంతకం నాది, దాచమన్నది నేను అని మీరు మీ భర్తతో, వాడి ఎదుట చెప్పారా? చెప్పకపోతే అది ఇప్పుడైనా చెప్పండి. మీ వంతు సరిచేయడం అక్కడి నుంచే మొదలవుతుంది.

వేడినీళ్లకు చన్నీళ్లు తోడు అంటారు. సంపాదన విషయంలో నిజమే. పెంపకంలో అలా కుదరదు. తండ్రి మరీ గట్టిగా, తల్లి మరీ మెత్తగా ఉంటే పిల్లలకు మధ్యస్థంగా ఏమీ అందదు. వాళ్లకు రెండు వేర్వేరు ఇళ్లు అందుతాయి, ఏ ఇంట్లో ఎలా ఉండాలో లెక్కలేసుకుంటూ బతుకుతారు. డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త 1960ల్లో పిల్లలనూ తల్లిదండ్రులనూ గమనించి మూడు రకాల పెంపకాలను విడదీశారు. చెప్పింది చెయ్, కారణం అడక్కు అనేది ఒకటి. ఏం చేసినా సరే అనేది ఇంకొకటి. హద్దులు గట్టిగానే పెట్టి, కారణం చెప్పి, పిల్లవాడి మాట విని, ఆప్యాయత తగ్గనివ్వనిది మూడోది. ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన అధ్యయనాల్లో చదువులోనూ, ఆత్మవిశ్వాసంలోనూ, స్నేహాల్లోనూ ఎక్కువగా బాగున్నది ఈ మూడో రకం ఇళ్లలో పెరిగిన పిల్లలే. ఇది మీ భర్తకు చెప్పదగిన విషయం. ఎందుకంటే ఆయన కోరుకునే క్రమశిక్షణ తప్పని ఇందులో ఎక్కడా లేదు. పిల్లలకు హద్దులు కావాలి. మీరు మెత్తబడి హద్దులు తీసేయడం వాడికి మేలు చేయలేదు, ఆయన హద్దులు పెట్టి ఆప్యాయతను తీసేయడం అంతకంటే నష్టం చేసింది. ఇద్దరూ కదలాల్సిన దిశ ఒకటే.

"నాకేమైంది?" అన్న మాటకు మీ దగ్గర జవాబు లేక ఆగిపోయారు. దానితో వాదించకండి. నీకు ఇది అయింది, అది అయింది అని చూపించబోతే, ఆయన తన తండ్రిని వెనకేసుకురావాల్సి వస్తుంది, వస్తారు కూడా. దాని బదులు ఒక ప్రశ్న అడిగి చూడండి. "మీకు 15 ఏళ్లున్నప్పుడు ఏదైనా పెద్ద కష్టం వస్తే మీ నాన్నకు చెప్పేవారా?" నా అనుభవంలో చాలామంది మగవాళ్లు ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగిపోతారు. ఆయన గట్టి పెంపకంలో పెరిగి నిలబడ్డారు, నిజమే. కానీ అప్పట్లో తన కష్టం ఒంటరిగా మోసి ఉంటే, ఇప్పుడు తన కొడుకూ అలాగే మోస్తున్నాడని ఆయనకే తట్టవచ్చు. మీరు చెబితే తట్టదు.

ఇక ఆ సామెత. మొక్కై వంగనిది మానై వంగదన్నది మీ భర్త లాంటి తండ్రులను తొందరపెడుతుంది. ఇప్పుడు వంచకపోతే అయిపోయింది అనిపిస్తుంది. 15 ఏళ్ల మెదడు మాను కాదు. ముందుచూపుకూ, ఆవేశాన్ని ఆపుకోవడానికీ పనికొచ్చే ముందరి భాగం ఇరవైల మధ్య దాకా పరిపక్వమవుతూనే ఉంటుంది. పొద్దున్నే లేవలేకపోవడంలో కూడా కొంత శరీరం పని ఉంది. యుక్తవయసులో నిద్ర వచ్చే వేళ వెనక్కి జరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టాలో ఇద్దరూ కలిసి ఒక వేళ నిర్ణయించి, ఇద్దరూ కలిసే వాడితో చెప్పండి. మీరిద్దరూ ఒకే మాట మీద నిలబడగలిగే మొదటి విషయంగా ఇది బాగుంటుంది, చిన్నది కాబట్టి.

మీ ముందున్న దారుల గురించి చెబుతాను. పూర్తిగా భర్త వైపు వెళ్లిపోతే, "అమ్మా నాన్నా ఒకటే మాట" అన్న క్రమం వస్తుంది కానీ, ఇప్పుడున్న పరిస్థితిలో వాడికి ఇంట్లో చెప్పుకునే మనిషి ఒక్కరూ మిగలరు. ఆ మెసేజ్ చదివాక నేనైతే ఈ దారి పట్టను. కొడుకును ఇప్పటిలాగే వెనకేసుకొస్తూ ఉండిపోతే వాడు మీతో సన్నిహితంగా ఉంటాడు, తండ్రి ఇంట్లోనే పరాయివాడవుతాడు. పెద్దయ్యాక వాడికి నాన్న గురించి మిగిలేది ఆ పుస్తకం చిరిగిన శబ్దమే.

మధ్యలోంచి తప్పుకోవడం మూడో దారి. నాకు సబబుగా తోచేది ఇదే, కానీ ఇది తేలికైనది కాదు. చెప్పకుండా ఒక్కసారిగా తప్పుకుంటే ఇద్దరూ మీరు అలిగారనుకుంటారు. ముందే విడివిడిగా చెప్పండి. "ఇకనుంచి మీ మాట వాడికి మీరే చెప్పండి. నేను మోయలేకపోతున్నాను. మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు." కొడుక్కీ అదే మాట. ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లు ఇప్పటికంటే నిశ్శబ్దమవుతుంది. ఫీజు కట్టడం ఆలస్యం కావచ్చు, వాడు ఆలస్యంగా లేచి స్కూలు తప్పవచ్చు. మీకు పరుగెత్తి వెళ్లి సర్దాలనిపిస్తుంది. మొదటిసారి వాళ్లు నేరుగా మాట్లాడుకున్నప్పుడు అది మంచి మాట కాకపోవచ్చు, ఒకే ముక్క కావచ్చు, గొంతు పెరగనూ వచ్చు. పక్కగదిలో మీ చేతులు వణుకుతాయి. అయినా వెళ్లకండి. చేయి చేసుకునే దాకా వస్తే, లేదా మాటలు మనిషిని ముక్కలు చేసే స్థాయికి వస్తే మాత్రం తప్పక వెళ్లండి. ఇప్పుడు నేను చెప్పినది అరుపుల ఇంటికి వర్తిస్తుంది, దెబ్బల ఇంటికి కాదు.

కుటుంబ కౌన్సెలర్ దగ్గరికి నలుగురూ వెళ్లడం ఇంకొక దారి. అందరూ వెళితే త్వరగా ఫలితం కనిపిస్తుంది. మీ భర్త రానంటే మీరు ఒక్కరే వెళ్లండి. నలుగురి అలవాటులో ఒక్కరు తమ వంతు మార్చుకున్నా మిగతావాళ్లు పాత పద్ధతిలో కొనసాగలేరు. "వాడికి కౌన్సెలింగ్ కావాలి" అని మాత్రం మొదలుపెట్టకండి. అలా అంటే ఇంటి సమస్య మొత్తం వాడి ఒంటిమీద జబ్బుగా అంటించినట్టవుతుంది. వాడు ఇప్పటికే అలా అనుకుంటున్నాడు.

ఫోన్ సంగతి. మీరు చూడటం తప్పని అన్నాను. ఆ మెసేజ్ దొరికింది కదా, చూడకపోతే తెలిసేది కాదు కదా అని మీకు అనిపిస్తుంది. ఆ ఒక్కసారికి అది నిజం. కానీ దాని తర్వాత ఏమైందో చూడండి, ఉన్న తలుపు కూడా మూసుకుంది. 2000లో స్వీడన్ పరిశోధకులు హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఒక అధ్యయనం వెలువరించారు. ఏడు వందలకు పైగా 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి, పిల్లల సంగతులు పెద్దలకు ఎలా తెలుస్తున్నాయో చూశారు. నిఘా వల్ల, ఆరాల వల్ల తెలిసింది తక్కువ. పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసిందే ఎక్కువ. కాబట్టి వాడి కొత్త పాస్‌వర్డ్ ఏమిటో కనుక్కోవడం మీద కాకుండా, వాడు చెప్పాలనుకునే రోజున చెప్పగలిగేలా ఉండటం మీద మీ శక్తి పెట్టండి. ప్రాణాపాయం ఉందని నమ్మితే ఆ లెక్క వేరు. అప్పుడు కూడా వాడికి చెప్పే చూడండి.

15 ఏళ్ల పిల్లలు ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. పక్కపక్కన ఏదైనా పని చేస్తున్నప్పుడు, ప్రయాణంలో, లైట్లు ఆర్పేశాక చెబుతారు. అప్పుడు మీరు భయంతో ఎగిరిపడకుండా, వెంటనే పరిష్కారం చెప్పకుండా, ముఖ్యంగా "నాన్నకి తెలిస్తే" అనకుండా వినగలిగితే రెండోసారి కూడా చెబుతాడు. తలుపు వేసుకోవడాన్ని మాత్రం ప్రతిసారీ దూరంగా లెక్కేయకండి. తన గది, తన రహస్యాలు, తన అభిప్రాయాలు కావాలనుకోవడం ఆ వయసు చేయించే పనే. వాడు అందరితోనూ మూసుకుపోతున్నాడా, మీ ఇద్దరితోనేనా అన్నదే చూడాల్సింది.

మీ అమ్మాయి గురించి మీరు నన్ను ఏమీ అడగలేదు. బంగారం అని ఒక్క ముక్కలో రాశారు. ఆ బంగారం నన్ను కలవరపెట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల నాన్న గొంతు పెరగగానే నోట్‌బుక్ పట్టుకుని వెళ్లడం చదువు మీద ఇష్టం కాదండీ. మంటల మీద నీళ్లు చల్లడం. మీరు చేసే పనే తనూ చేస్తోంది, మిమ్మల్ని చూసే నేర్చుకుంది. తనకు ఏమీ అక్కర్లేనట్టు ఉండటం కూడా అందులో భాగమే. ఈ ఇంట్లో ఇంకొక సమస్యకు చోటు లేదని తనకు అర్థమైంది. డాక్టరు ఏమీ లేదన్నారంటే ఆ నొప్పి అబద్ధమని కాదు. పిల్లల్లో ఆందోళన కడుపునొప్పిగా, తలనొప్పిగా రావడం చాలా మామూలు, ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. "ఏమీ లేదన్నారుగా, లే" అనకండి. నొప్పి ఎక్కువైతే, జ్వరమో వాంతులో తోడైతే మళ్లీ చూపించండి. అన్నయ్యకూ నాన్నకూ మధ్య జరిగేది పెద్దవాళ్లం చూసుకుంటున్నామని, దాన్ని ఆపడం నీ పని కాదని, ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. రోజూ కొంచెం సేపు తనతో మాత్రమే గడపండి, అన్నయ్య ప్రస్తావన లేకుండా. ఏదో ఒక రోజు తను విసుక్కుంటుంది, మొండికేస్తుంది, నాకిది కావాలి అని ఏడుస్తుంది. అప్పుడు సంతోషించండి.

లోపం నా పెంపకంలోనే ఉందా, ఆలస్యం అయిపోయిందా అని అడిగారు. లోపం లేదని చెప్పను, మీకు అలాంటి జవాబు వద్దని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆలస్యం మాత్రం కాలేదు. హవాయిలోని కవాయ్ ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు నలభయ్యో ఏడు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, తల్లిదండ్రుల గొడవలు, ఇంట్లో మానసిక వ్యాధులు, ఇలా అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా మూడో వంతు మంది సమర్థులైన, ఆత్మవిశ్వాసం ఉన్న, ఇతరుల పట్ల శ్రద్ధ ఉన్న పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో ఎక్కువగా కనిపించినది, తమను నిలకడగా పట్టించుకున్న మనిషి కనీసం ఒక్కరైనా ఉండటం. మీ అబ్బాయికి ఒకరు కాదు, ఇద్దరున్నారు. ఒకరు మెసేజ్ చదివి నాకు ఆరు పేజీలు రాశారు. ఇంకొకరు చిరిగిన కాగితాలు బట్టల కింద దాచుకున్నారు.

ఆ కాగితాల దగ్గరికే వస్తున్నాను. అవి చూసిన రోజు నుంచి మీకు ఒక కోరిక ఉండి ఉంటుంది. కొడుకు దగ్గరికి వెళ్లి, "చూడరా, నాన్న నీ బొమ్మలు పారేయలేదు, దాచుకున్నారు" అని చెప్పేయాలని. అంత మంచి మాట మోయడంలో తప్పేముంది అనిపిస్తుంది. దయచేసి మోయకండి. మీరు చెబితే వాడు "అయితే నాకెందుకు చెప్పలేదు?" అంటాడు, ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు. ఆయనకేమో దాచుకున్నది బయటపడ్డ సిగ్గు మిగులుతుంది.

1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే పరిశోధకుడు తల్లులను తమ పసిపిల్లల ముందు కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో కూర్చోమన్నారు. పిల్లలు నవ్వి చూశారు, చేతులు చాపారు, కేకలు పెట్టారు, చివరికి ముఖం తిప్పుకున్నారు. ఆ ప్రయోగం చాలామందికి తెలుసు. దాని తర్వాత ఆయన చెబుతూ వచ్చిన మాట ఇక్కడ నాకు ఎక్కువ ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు శ్రుతి కలవదు. కలవకపోవడం, మళ్లీ కలుపుకోవడం, ఇదే పిల్లవాడికి నమ్మకాన్ని నేర్పుతుంది. మళ్లీ కలుపుకునే పని తెగ్గొట్టిన మనిషే చేయాలి.

అందుకని మీ భర్తతో మాత్రం మాట్లాడండి, పిల్లలు లేనప్పుడు. ముందు మీ సంతకం సంగతి ఒప్పుకోండి. ఆ మెసేజ్ గురించి వాడితో మాట్లాడాక, ఏం చదివారో, వాడేం చెప్పాడో దాచకుండా చెప్పండి. తర్వాత, "బీరువాలో ఆ కాగితాలు చూశాను" అనండి. ఆయన కోప్పడవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, సారీ చెబితే కొడుకు దగ్గర లోకువైపోతానని అనవచ్చు. వాదించకండి. కొడుకుతో ఏమని చెప్పాలని ఆయన అడిగితే మాత్రం ఒక్కటి చెప్పండి. "పుస్తకం చింపడం తప్పు" అన్నంత వరకే చెప్పి ఆపాలి, "కానీ నువ్వు కూడా" అన్నది వద్దు. మార్కుల సంగతి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు.

ఆ కాగితాలు వాడికి ఎప్పుడివ్వాలో, అతికించి ఇవ్వాలో అలాగే ఇవ్వాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. మీ అబ్బాయితో మాట్లాడాక నాకు మళ్లీ రాయండి.